ఏ పనీ చేయని లైను

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదట పాడైంది ఒక ఫ్యాను. గదిలో ఫ్యాను కాదు, అక్క పాత కంప్యూటర్ లోపలి ఫ్యాను. కొన్నాళ్లు జలుబు చేసిన మనిషిలా గురగురలాడింది. తర్వాత కీచుమనడం మొదలుపెట్టింది. ఆ పైన కంప్యూటర్ వేడెక్కి, పని మధ్యలో చెప్పాపెట్టకుండా ఆగిపోయేది. అక్క టేబుల్ ఫ్యాను తెచ్చి దాని వెనక పెట్టి, "నాకు ఉక్కపోసినా పర్వాలేదు, దీనికి పోయకూడదు" అనేది.

అక్కకి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. ఒక ప్రచురణ సంస్థకి ప్రూఫులు దిద్దుతుంది. కీబోర్డు ముందు మూరెడు పొడవున ఒక పలక ఉంటుంది. కంప్యూటర్ తెర మీద ఏముందో అది ఆ పలక మీద చిన్నచిన్న చుక్కలై పైకి లేస్తుంది. అక్క వేళ్లు వాటి మీద పరుగెడతాయి. కంప్యూటర్ చదివి వినిపిస్తుంది కదా, ఈ చుక్కలెందుకు అని అడుగుతారు చాలామంది. "చెవికి మొహమాటం ఎక్కువ, తప్పు విన్నా సర్దుకుపోతుంది. వేలికి మొహమాటం లేదు, ఒత్తు పోతే టక్కున ఆగిపోతుంది" అంటుంది అక్క.

ఆ పలక తయారుచేసిన కంపెనీ దాన్ని వదిలేసి చాలాకాలమైంది. పలకకీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీలా పనిచేసే ప్రోగ్రాం ఒకటుంటుంది, డ్రైవర్ అంటారు. కంపెనీ రాసిన డ్రైవర్ ఆ కాలపు కంప్యూటర్లలో తప్ప పనిచేయదు. కొత్తవాటికి రాసివ్వమని ఎన్నో ఊళ్ల నుంచి అక్కలాంటి వాళ్లు అడిగారు. కొత్త పలక కొనుక్కోండి అని కంపెనీ జవాబు. పోనీ, పాతది ఎలా పనిచేస్తుందో చెప్పండి, మేమే రాసుకుంటాం అన్నారు. దానికి జవాబే లేదు.

అప్పుడు నేను రాస్తానన్నాను. పగలు నీటి మీటర్ల ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. మిగిలిన టైములో, ఎవరైనా ఊరికే వాడుకోడానికీ విప్పి చూసుకోడానికీ వీలుగా డ్రైవర్లు రాసే ఒక గుంపుతో కలిసి పనిచేసేవాణ్ణి. ఇందులో చిక్కల్లా ఒక్కటే. కంపెనీ డ్రైవర్ రాసినవాడు మా ఇంట్లోనే, నా పై గదిలోనే ఉన్నాడు. మా బావ.

ఆ కంపెనీ తరఫున పలక ఎలా పనిచేస్తుందో చూపించడానికి బావ అక్క ఆఫీసుకి వచ్చినప్పుడే వాళ్లిద్దరికీ పరిచయం. పలక ముందు నచ్చిందా, బావ ముందు నచ్చాడా అంటే అక్క ఇప్పటికీ తేల్చి చెప్పదు. ఆ విభాగం మూసేశాక బావ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్నాడు.

విషయం చెప్పగానే నా స్నేహితుడు డేగ ఫోన్‌లో గట్టిగా నిట్టూర్చాడు. ఏదీ వాడి కన్ను తప్పిపోదు కాబట్టి కాలేజీ రోజుల నుంచీ వాడికా పేరు.

"మీ బావ ఇంట్లోనే ఉంటాడా?"

"ఇంకెక్కడుంటాడు?"

"అయితే ఇవాళ్టి నుంచి ఆయన నీకు బావ కాదు, అంటువ్యాధి. ఆయన వాళ్ల కోడ్ చూసినవాడు. చూసినవాడు ఎంత సొంతంగా రాసినా, చూసి రాశావని కంపెనీ కోర్టులో అంటుంది. ఆయన చెప్పింది విని నువ్వు రాసినా అదే మాట. అప్పుడు మొత్తం డ్రైవర్ పోతుంది, మనమూ పోతాం."

"మరెలా?"

"పాత కంప్యూటర్ పలకతో మాట్లాడేటప్పుడు తీగలో ఏం పోతోందో నేను వింటాను. విన్నది మామూలు మాటల్లో నీకు రాసిస్తాను. నువ్వది మాత్రమే చదివి డ్రైవర్ రాయి. నేను రాయను, నువ్వు వినవు. మధ్యలో గోడ."

అలా మా ఇంట్లో గోడ లేచింది. డేగ వారానికోసారి వచ్చి, నేను లేనప్పుడు అక్క గదిలో కూర్చుని, తన పెట్టెలేవో తీగకి తగిలించుకుని వెళ్లేవాడు. అన్నాల దగ్గర నేనూ బావా కంప్యూటర్ల ఊసెత్తకుండా జాగ్రత్తగా మాట్లాడుకునేవాళ్లం. ఎండ ఎంతుంది, రేపెంత ఉంటుంది, గాలి ఎటు వీస్తోంది.

"మీ ఇద్దరి మధ్యా కూర్చుంటే వాతావరణ శాఖలో ఉద్యోగం వచ్చినట్టుంది నాకు" అని అక్క నవ్వేది. బావా నవ్వేవాడు. కానీ నేను డ్రైవర్ రాసుకునే గది తలుపు దాటేటప్పుడు ఆయన మొహం పక్కకి తిప్పుకుని వెళ్లేవాడు. తను పెంచిన మొక్కకి నీళ్లు పోయొద్దని ఎవరో ఆపినట్టుండేది ఆయన నడక.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. తెల్ల చీర కట్టుకున్న నడివయసు ఆవిడ లోపలికొచ్చి, ఎప్పటినుంచో తెలిసిన మనిషిలా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది. మంచినీళ్లు అడిగింది. తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది.

"నేను కంపెనీ లాయర్ని. గొడవకి రాలేదండీ. ఊరికే పరిచయం చేసుకుని పోదామని."

మా అడ్రసు ఎవరిచ్చారని అడగాలనిపించింది.

"మీరు చాలా పద్ధతిగా చేస్తున్నారని విన్నాను" అందావిడ. "ఒకరు వినడం, ఒకరు రాయడం. మంచిదే. ఇంతకీ మీ బావగారి గది ఎటువైపు?"

"పైన."

"మీది?"

"కింద."

"ఒకే మెట్లు?"

"ఇల్లన్నాక ఒకే మెట్లుంటాయి కదండీ."

ఆవిడ నవ్వింది. మంచి నవ్వే. "వేరే ఊళ్లో ఒక కుర్రాడు మా ఇంకో మెషిన్‌కి ఇలాగే డ్రైవర్ రాశాడు. తెలివైనవాడు. ఎవరో సాయం చేశారు, ఇతను వద్దనలేకపోయాడు. ఇప్పుడు కంప్యూటరే ముట్టుకోవడం లేదట. వాళ్లమ్మగారు నాతో మాట్లాడారు, చాలా బాధేసింది."

"మా బావ నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు."

"నమ్ముతున్నాను" అని ఆవిడ లేచింది. "ఇప్పటిదాకా." గేటు దాకా వెళ్లి, మళ్లీ ఒకసారి తల ఎత్తి పై గది కిటికీ వైపు చూసి, గడియ పెట్టి మరీ వెళ్లింది.

ఆ రోజు నుంచి ఇంటి ముందు ఎవరు ఆగినా మా మాటలు ఆగిపోయేవి. మీటరు చూసేవాడొచ్చినా సరే.

డ్రైవర్ చాలావరకు వచ్చింది. కొత్త కంప్యూటర్‌కి తగిలిస్తే పలక మీద చుక్కలు లేచాయి. అక్క మొదటి మాట చదివి నా నెత్తి మీద చెయ్యేసి జుట్టంతా చెరిపేసింది. అయితే కొన్ని పంక్తులు చదివేసరికి కుడి చివరి గళ్లలో చుక్కలు లేచినవి లేచినట్టే బిగుసుకుపోయేవి. ఆపి మళ్లీ పెడితే తప్ప దిగేవి కావు. డేగ ఇచ్చిన వివరాలు ఎన్నిసార్లు చదివినా ఎక్కడ తేడా వస్తోందో తెలియలేదు. వాణ్ణి మళ్లీ వినమన్నాను. వాడు వచ్చే వారం వస్తానన్నాడు. వాడు వచ్చేలోపే పాత కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోయింది. ఇక వినడానికి మాటే లేదు.

"ఇలాంటి పాతది ఇంకోటి ఎక్కడైనా దొరుకుతుందేమో వెతుకుతాను" అన్నాడు డేగ. "తొందరపడకు. ఊహించి రాయకు."

అక్కకి పని ఆగిపోయింది. ప్రచురణ సంస్థవాళ్లు మర్యాదగానే, ఈ పుస్తకం వేరేవాళ్లకిస్తాం, మీది బాగయ్యాక చెప్పండి అన్నారు. రెండో పుస్తకానికి ఆ మాట కూడా చెప్పలేదు. భోజనాల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు అక్క వేళ్లు బల్ల అంచు మీద ఎడమ నుంచి కుడికి జరుగుతుండేవి. చివరికి పోయి, మళ్లీ మొదటికొచ్చేవి. బావ అన్నం కలుపుతూ ఆ వేళ్లనే చూస్తుండేవాడు. మా వాతావరణ వార్తలు కూడా ఆగిపోయాయి.

ఒకరోజు ఆఫీసులో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చేశాను. వరండా ఎక్కుతుంటేనే లోపల అక్క గొంతు వినిపించింది. పైకి చదువుతోంది. ఎక్కడా ఆగకుండా, పేజీ తర్వాత పేజీ.

పరుగున లోపలికెళ్లాను. పలక మీద చుక్కలు అలల్లా లేస్తున్నాయి, దిగుతున్నాయి. కుడి చివర కూడా.

"వచ్చావా!" అంది అక్క. మొహమంతా వెలుగు. "ఎప్పుడు బాగుచేశావురా? నిన్నటి నుంచీ ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. నీకు చెబుదామంటే రాత్రి పొద్దుపోయి వచ్చి, పొద్దున్నే వెళ్లిపోయావు."

"నేను..." అన్నాను.

నా గదిలోకి వెళ్లి ఫైలు తెరిచాను. మధ్యలో గుప్పెడు లైన్లు నేను రాయనివి ఉన్నాయి. శుభ్రంగా, తడబాటు లేకుండా ఉన్నాయి. ఎన్నోసార్లు నడిచిన దారిలో నడిచినట్టున్నాయి. చదివేశాను. చదవకుండా ఉండాల్సింది, కానీ కళ్లు మూసుకునేలోపే అర్థమైపోయింది. అన్నిటికన్నా ఘోరం, నేను సేవ్ చేసిందంతా దానంతటదే ఇంటర్నెట్‌లో మా గుంపు పేజీలోకి వెళ్లేలా పెట్టుకున్నాను. అంటే అవి నిన్ననే, నా పేరు మీద, లోకమంతా చూసేలా బయటికి వెళ్లిపోయాయి.

వెనక అలికిడైతే తిరిగాను. గుమ్మంలో బావ.

"మీ అక్క అవస్థ చూడలేకపోయానురా" అన్నాడు మెల్లగా. "చిన్నదేగా. నిద్రలో లేపినా రాయగలను."

నాకు కోపం రాలేదు. కోపం సరిపోనంత పెద్ద విషయం కాబట్టేనేమో. ఏదో ఒకటి మాట్లాడాలని తెర మీద ఒక లైను చూపించాను.

"ఇదేమిటి బావా? అంకెకి ఏడు కలిపి, వెంటనే ఆ ఏడూ తీసేస్తోంది. దీనివల్ల ఏం జరుగుతుంది?"

బావ ముందుకు వంగి చూశాడు. ఆయన చెయ్యి నా కుర్చీ వీపు మీద ఉంది. ఆ చెయ్యి బిగుసుకోవడం నాకు తెలిసింది.

"ఏమీ జరగదు" అన్నాడు.

"మరెందుకు రాశావు?"

"ఇది... అక్కడ రాసిందిరా. కంపెనీలో ఉన్నప్పుడు. ఎవరైనా మనది చూసి రాస్తే పట్టుకోవడానికి ఏదైనా గుర్తు పెట్టమన్నారు. ఏ పనీ చేయని లైను. సొంతంగా రాసేవాడికి అది కలలో కూడా తట్టదు. కాపీ కొట్టేవాడు దేనికో ఉంటుందిలే అని ఎక్కించేస్తాడు."

"గుర్తు పెట్టింది ఎవరు?"

"నేనే."

"మరి మళ్లీ ఎందుకు ఎక్కించావు బావా?"

ఆయన తన చేతిని వేరెవరి చేతినో చూసినట్టు చూసుకున్నాడు. "తెలీదురా. చెయ్యి రాసుకుంటూ పోయింది."

పక్క గదిలో చదువు ఎప్పుడో ఆగిపోయింది. అక్క గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తీసేద్దాం" అన్నాడు బావ హడావుడిగా. "ఇప్పుడే తీసెయ్. ఒక్క రోజే కదా, ఎవరు చూసి ఉంటారు?"

"తీసేసినా పాతదంతా అక్కడ ఉంటుంది బావా. ఎప్పుడు ఏం మార్చామో ఎవరైనా చూసుకోవచ్చు. అందుకేగా ఆ పేజీ."

"ఎందుకు మార్చావంటే తప్పొచ్చిందని చెప్పు."

"మీరు రాశారా?" అంది అక్క.

బావ తెర వైపు తిరిగాడు.

"నాకోసమా?"

"ఇంకెవరికోసం?"

"నేను అడిగానా?" అక్క గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ప్రూఫులో తప్పు దొరికితే గీత గీసి, పక్కన ఏమిటో రాసి, కింద సంతకం పెడతాను. రబ్బరుతో చెరపను. ఎవరిదైనా సరే."

"దాన్ని బయటపెడితే ఈయన సంగతేమిటి అక్కా? ఆ లాయరమ్మ గేటు దగ్గరే నిలబడినట్టుంది నాకు."

"బయటపెట్టకపోతే నీ సంగతేమిటి? ఆ డ్రైవర్ కోసం ఎదురుచూస్తున్న వాళ్లందరి సంగతేమిటి?"

అక్క వెనక్కి తిరిగి తన గదిలోకి వెళ్లింది. నేను వెంట వెళ్లేసరికి పలక వెనక తడుముతోంది. ఆగమని నేననేలోపే తీగ లాగేసింది. చుక్కలన్నీ ఒక్కసారిగా కిందికి దిగిపోయాయి. నున్నటి పలక మీద అక్క ఒకసారి అరచెయ్యి రాసి, తువ్వాలు కప్పింది.

ఆ సాయంత్రం ఆ లైన్లు తీసేసి, పేజీలో నాలుగు వాక్యాలు పెట్టాను. ఈ భాగం కంపెనీలో పనిచేసిన మనిషి రాశాడు. అసలు డ్రైవర్ కూడా ఆయనే రాశాడు. నాకు తెలియకుండా ఇందులో చేరింది. ఇప్పుడు నేనది చదివాను కాబట్టి ఇకమీదట ఈ డ్రైవర్‌లో ఒక్క అక్షరం రాయను. పేరు పెట్టాలా వద్దా అని వేళ్లు ఆగితే, వెనక నిలబడ్డ బావ "పెట్టు" అన్నాడు.

కాసేపటికే డేగ ఫోన్ చేశాడు. "మంచిపని చేశావు" అన్నాడు. "ఇక నాకు ఫోన్ చెయ్యకు. ఇది పూర్తయ్యేదాకా. నీ గొంతు విన్నా నాకు అంటుకున్నట్టే." నవ్వడానికి ప్రయత్నించాడు గానీ నవ్వు రాలేదు.

కంపెనీ నుంచి పిలుపు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ముగ్గురం వెళ్లాం. ఎత్తయిన భవనంలో అద్దాల గది. బయట ఎండ కణకణలాడుతుంటే లోపల చలి. లాయరమ్మ ఆ రోజూ తెల్ల చీరే కట్టుకుంది. మా అందరికీ మంచినీళ్లు తనే పోసింది. తర్వాత ఒక కాగితం నా ముందుకు జరిపింది. మా పేజీ అచ్చు. ఆ లైను కింద పసుపు రంగు గీత. పైన, అచ్చు తీసిన సమయం. బావ ఆ లైన్లు చేర్చిన పూటే తీశారు. అక్క ఇంకా మొదటి పేజీ చదువుతూ ఉండి ఉంటుంది అప్పుడు.

"మీరు తీసేసేలోపే మా దగ్గరుంది" అందావిడ. "రోజూ చూస్తుంటామండీ. మేం అడక్కముందే మీరు చెప్పేశారు, ఎవరిదో కూడా చెప్పారు. అది మీకు మేలు చేసింది. ఆ డ్రైవర్ జోలికి మేం రాం." బావ వైపు తిరిగింది. "మీ విషయం అలా కాదు. దీనిమీద సంతకం పెడితే కోర్టు దాకా పోం."

ఒప్పందం చదవడం మొదలుపెట్టింది. బావ ఇకమీదట చూపులేనివాళ్లు వాడే ఏ పరికరానికీ ఏదీ రాయకూడదు. రాసింది చూడకూడదు. దాని గురించి ఎవరికీ చెప్పకూడదు.

"ఇంట్లో కూడానా?" అంది అక్క.

"ఇల్లని విడిగా రాయలేదమ్మా."

"అంటే?"

"అంటే ఇంట్లో కూడా."

బావ సంతకం పెట్టాడు. కిందికి దిగేటప్పుడు లిఫ్టులో అక్క ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

కాలేజీవాళ్లకి ఎవరు చెప్పారో తెలియదు. కొత్త విద్యా సంవత్సరానికి మీరు రానక్కర్లేదని ఒక్క ముక్కలో తేల్చేశారు. బావ ఊరి చివర ఒక గోడౌన్‌లో సరుకు లెక్కచూసే పనిలో చేరాడు. సాయంత్రం వచ్చి, అక్క గది వైపు చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయేవాడు. రెండుమూడుసార్లు రాంగ్ నంబర్ ఫోన్లొచ్చాయి. అవతల ఎవరూ పలకలేదు. నిజంగా రాంగ్ నంబరేనేమో. మాకు మాత్రం అలా అనుకునే ధైర్యం పోయింది.

వానలు మొదలయ్యాక, ఏదో ఊళ్లో అక్కలాంటి ఒకావిడ తన పాత కంప్యూటర్‌ని వినడానికి డేగకి ఇచ్చిందని గుంపు పేజీలో చదివాను. రాసే పని మా ఎవరికీ తెలియని ఒకమ్మాయి తీసుకుంది. నేను ఆగినచోటు నుంచి మొదలుపెట్టి, తన దారిన తాను రాసుకుంది. ఆమె రాసింది చాలా పొడుగ్గా, కాస్త వంకరగా ఉంది. చుక్కలు ఎందుకు బిగుసుకుంటున్నాయో కనిపెట్టి వేరే పద్ధతిలో విడిపించింది. బావ లైన్లకీ దానికీ పోలికే లేదు.

దాన్ని అక్క కంప్యూటర్‌లో పెట్టిన రోజు ముసురు. అక్క తువ్వాలు తీసి మడతపెట్టి, చేతులు తుడుచుకుని కూర్చుంది. ఒక పేజీ అయింది. ఇంకో పేజీ. ఎక్కడా ఆగలేదు. ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాను. చదువుతూనే ఉంది.

అప్పుడే బావ గోడౌన్ నుంచి తడిసి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగాడు. చుక్కలు లేచేటప్పుడు వచ్చే చిన్న టకటక చప్పుడు ఆయనకి తెలియంది కాదు.

"వచ్చారా? రండి" అంది అక్క.

"వద్దులే." గుమ్మం అవతలే నిలబడ్డాడు. "కంప్యూటర్ వేసి ఉంది. నేను చూడకూడదు."

అక్క చెయ్యి చాచి, తడిమి, తెర బటన్ నొక్కింది. తెర నల్లబడింది. పలక మీద చుక్కలు లేస్తూనే ఉన్నాయి.

"ఇక రండి. చూడ్డానికేం లేదు. వినండి."

బావ నా వైపు చూశాడు. నేను లేచి నా కుర్చీ ఆయనకిచ్చాను. పలకకి దూరంగా, గోడకి ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. అక్క పైకి చదవడం మొదలుపెట్టింది. ఏదో ప్రయాణాల పుస్తకం. నాలుగో ఐదో పంక్తిలో రచయిత తనమీద తనే వేసుకున్న హాస్యానికి బావ పకపకా నవ్వాడు. ఎన్నాళ్లకో విన్నాం ఆ నవ్వు. మరుక్షణం నోరు మూసుకుని కిటికీ వైపు చూశాడు.

అక్క లేచి వెళ్లి కిటికీ తలుపులు వేసి వచ్చింది. ఆగిన మాట దగ్గర వేలు పెట్టి, మళ్లీ చదివింది. ఈసారి గొంతు కొంచెం తగ్గించి.